ఆకలి ఊరిలో పూలమళ్ళు

ధనము కొరవడిన మానవుడు ముందు తిండికి, ఆ తరువాత గుడ్డకు, మిగిలినచో ముచ్చటకు వెచ్చించునని మనము అనుకొనుచుందుము. ఈ మాట ఎంతవరకు నిజమో తెలుపగల ఊరొకటి ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గరలో కలదు. దాని పేరు మేరియెంతాల్.

ఆ ఊరికి ఆధారము ఒక్క బట్టల మిల్లు. ఆర్థిక మాంద్యము నాడు, 1929–30లో, అది మూతపడినది. 1931 చివర కొందరు యువ పరిశోధకులు అచ్చటికి వెళ్ళి 478 కుటుంబముల స్థితిగతులను వ్రాసికొన్నారు. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అందులో ముఖ్యులు. వారి గ్రంథము 1933లో వెలువడినది.

వారు చూచినదేమి? బంగాళాదుంపలు పండవలసిన మడిలో గులాబీలు, తులిప్ పూలు! నిరుద్యోగ భృతి అందుటకు ముందురోజు రొట్టెముక్కయైన లేక బడికి వచ్చిన బాలుడు, అందిన మరునాడు మాంసపు రొట్టెతో, చాక్లెట్టుతో వచ్చినాడు. బియ్యము నిండుకున్న ఇంటిలో బిడ్డకు జాతర బూర కొనిన తల్లిని ఎరుగని వారు మనలో ఎవరు?

మనస్తత్వ శాస్త్రము దీనిని వ్యక్తి హృదయములో వెదకును. మంచి రోజుల అలవాటు చావదు; చిన్న సుఖమొకటి ఆత్మగౌరవమును నిలుపును. సమాజ శాస్త్రము వీధిలోనికి చూడుమనును. ఆ ఊరి గ్రంథాలయములో రుసుము తీసివేసినను పుస్తకములు తీసికొనుట సుమారు సగమునకు పడిపోయినది. తీరిక పెరిగినకొలది చదువు తగ్గినదన్నమాట! మగవారు వీధిలో మాటిమాటికి నిలిచిపోవుచు మెల్లగా నడచుచుండిరి. ఇంటిపని తీరని ఆడవారు వడివడిగా నడచుచుండిరి. పేదరికము ఇరువురికి ఒక్కటే. కారణము మనస్సులోనే ఉన్నచో ఈ తేడా ఎట్లు వచ్చినది? మిల్లు కూలితోపాటు దినమునకొక క్రమమును గూడ ఇచ్చుచుండెను. అది మగవారికే పోయినది.

పూలమడి విషయమున మేము మొదటి వివరణను కాదనలేము. నడక విషయమున రెండవదానికే మా మొగ్గు. ఈ భేదము పండితులకు మాత్రమే సంబంధించినది కాదు: లోపము మనస్సుదైనచో ధైర్యము చెప్పిన చాలును, క్రమము పోయినచో పని కల్పింపవలెను.

ఆ పరిశోధన నాటికి యహోడా, లాజర్స్‌ఫెల్డ్ భార్యాభర్తలు. తరువాత ఆయన అమెరికాలో సమాజ శాస్త్రాచార్యుడైనాడు. ఆమె ఇంగ్లండులో సాంఘిక మనస్తత్వ శాస్త్రాచార్యురాలైనది. 1982లో ప్రకటించిన గ్రంథములో ఆమె తిరిగి మేరియెంతాల్ ప్రశ్నకే వచ్చినది: ఉద్యోగము కూలితోపాటు మనుష్యునికి ఇంకేమి ఇచ్చుచున్నది?