పల్నాటి పోరు: దాయభాగమును దైవభక్తియును

 

మన తర్లుపాటివారికి మార్కాపురము చెన్నకేశవస్వామి చిరపరిచితుడు. ఆ నామముగల దేవుడే పల్నాటి మాచెర్లయందును వెలసియున్నాడు. 1970 వరకు కర్నూలు మండలమున నుండిన మన తాలూకాకును పల్నాటికిని ఈ కేశవభక్తి యొక బాంధవ్యము. కావున ఆ సీమ వీరచరిత్రమును ఇచట విమర్శింప నెంచితిమి.

పల్నాటి యుద్ధము 1182 ప్రాంతమున కారెంపూడియందు జరిగెనని చరిత్రకారులు పలువురు తలంతురు. శ్రీనాథుని పేర వెలయు ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. గాయకులు పాడు గాథను జీన్ రోఘైర్ అను పండితుడు 1982లో ఆంగ్లమున వెలువరించెను. ఈ రెంటను చరిత్రయు కల్పనయు పడుగుపేకలవలె కలసియున్నవి.

దీనిని శైవవైష్ణవ కలహమని కొందరందురు. మాకది సమగ్రముగ తోపదు. నలగామరాజును మలిదేవరాజును అనుగురాజునకు వేర్వేరు భార్యలయందు కలిగిన బిడ్డలు. రాజ్యము గురజాలయనియు మాచెర్లయనియు చీలెను. కలహబీజమిదియే. పిమ్మట మంత్రిణి నాగమ్మ పక్షముతోడి కోడిపోరున నోడి మలిదేవాదులు ఏడేండ్లు ప్రవాసమేగిరి. గడువు తీరి భాగమడుగ వచ్చిన రాయబారి అలరాజు విషప్రయోగమున మరణించెను. అతడు నలగామునకు అల్లుడు! దాయాదుల పగ కూతురి పసుపుకుంకుమలనైన లెక్కింపదయ్యెను.

మరి భక్తి చేసినదేమి? బ్రహ్మనాయుని జనులు విష్ణ్వంశసంభూతునిగ నమ్మిరి. ఆయన మాల కన్నమదాసును పుత్రునిగ పాటించెను. చాపకూటియందు నానాకులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెను. అందువలననే వేర్వేరు కులముల వీరులు ఆయన పక్షమున ప్రాణములొడ్డిరి. అయినను సంధికి సమ్మతించిన ఆ నాయకుని మాటను కన్నకొడుకు బాలచంద్రుడే మీరి రణమున దుమికెను. పరులను సోదరులజేసిన భక్తి సోదరులను మాత్రము కలుపజాలకపోయెను. తాను రగిల్చిన ఆవేశమును తానే ఆర్పజాలకపోయెను. పోరు ముగియునప్పటికి ఇరుపక్షముల వీరులును నేలగూలిరి.

కారెంపూడియందు ఏటేట కార్తికమాసమున వీరుల యుత్సవము నేటికిని జరుగుచున్నది. కులసభలయందు వీరపూజ సులభము, చాపకూడు కష్టము. పూర్వుల శౌర్యమును కొనియాడు మనము వారి పంక్తిని మరచుట న్యాయముకాదు. గట్టుతగవులకై అన్నదమ్ములు న్యాయస్థానములపాలగుట మన గ్రామములయందును కలదు. కావున సభానంతరము పెద్దలు తమ తమ యూళ్లలో ఒక్క దాయాదితగవునైన రాజీపరతురుగాక! మన విందుపంక్తిని అన్యకులములవారికిని విస్తరి వేయుదురుగాక! అదియే ఆ వీరులకు మనము చేయదగిన నిజమైన తర్పణము.