పలుకుతో వెదకుట - అంగడి పేరు



గడచిన కార్తికమాసమున మా మనుమడు నా చేతికి సెల్‌ఫోను నిచ్చి, "తాతయ్యా, టైపు చేయనక్కఱలేదు, నోటితో అడుగు" అనెను. "దగ్గఱలో ఎఱువుల కొట్టు ఎక్కడ?" అని యడిగితిని. అది 20 కిలోమీటర్ల దూరమున పట్టణములోనున్న యొక కొట్టు పేరు చెప్పినది. మా వీథిలో ముప్పదియేండ్లుగా నున్న కొట్టు మాట యెత్తలేదు. ఆ కొట్టు యజమాని నా శిష్యుడే. వాని బేరము పోవుచున్నదని వానికే తెలియదు.

అడిగినవానికి ఏ పేరు చెప్పవలెనో నిర్ణయించునది యెవరు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలో కన్సస్ నగరమున ఆల్మన్ స్ట్రోజర్ అనునతడు అంత్యక్రియలు జరిపించు వృత్తిలో నుండెను. ఆనాటి టెలిఫోనులో అంకెలు త్రిప్పుట లేదు. కావలసినవారిని నోటితో చెప్పవలెను. ఎక్స్చేంజిలో కూర్చున్న యామె తీగ తగిలింపవలెను. తనకు రావలసిన పిలుపులు పోటీదారునకు పోవుచున్నవని స్ట్రోజర్ అనుమానించెను. ఆమె ఆ పోటీదారుని భార్యయే యని కథ చెప్పుదురు గాని, అంతవఱకు నేను పూచీపడను. ఆపరేటరుతో పని లేని యంత్రమును కల్పించి అతడు 1891లో పేటెంటు పొందెను. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రమందలి లాపోర్టున అట్టి మొదటి ఎక్స్చేంజి తెఱువబడినది.

పలుకు పోయి అంకె వచ్చినది. అంగళ్లవారికిక డైరెక్టరీయే గతి. అందు ముందు నిలుచుటకై ఇంగ్లీషు తొలియక్షరమును మూడుమాఱులు పేరునకు ముందు చేర్చుకొన్నవారును గలరు. మన దేశమున నైనచో 'అ అ అ కిరాణా' యని బోర్డు కట్టెడివారేమో!

యంత్రమునకు పలుకు వినుట నేర్పుట మాత్రము మెల్లగా సాగినది. 1952లో బెల్ లాబొరేటరీసువారి 'ఆడ్రీ' అంకెలను మాత్రమే గుర్తించెను. 1962లో సియాటిల్ ప్రదర్శనమున ఐ.బి.ఎం. వారు చూపిన 'షూబాక్సు'నకు తెలిసిన మాటలు 16. 2007లో గూగుల్‌వారు అమెరికాలో ఒక ఉచిత టెలిఫోను నంబరు పెట్టిరి. ఊరును, వ్యాపారమును పలికినచో అంగళ్ల పేర్లు వినిపించెడిది. 2010లో దానిని మూసిరి. అడిగినవారి గొంతులే యంత్రమునకు పాఠములైనవి. 2011లో సిరి, 2014లో అమెజాన్ ఎకో వచ్చినవి. 2017 ఆగస్టులో గూగుల్ పలుకుతో వెదకు పద్ధతి తెలుగునకును వచ్చినది.

కంటికి కనబడు పుటలో పది పేర్లుండును. నచ్చినదానిని మనము ఏఱుకొందుము. చెవికి చెప్పునపుడు తఱచుగా ఒకటి రెండే. రెండవవానికి సగము, మూడవవానికి సున్న. స్ట్రోజర్ తొలగించిన నడిమిమనిషి మరల వచ్చినట్లే యున్నది గాని, ఈమాఱు కలహించుటకు మొగము లేదు.

గూగుల్‌వారు చెప్పుదానినిబట్టి స్థానికపు అంగళ్లకు చూచునవి మూడు: అడిగినదానికి తగియుండుట, దూరము, ప్రసిద్ధి. దూరమున నా శిష్యునికి సాటి లేదు. కాని వాని బోర్డుపై కూతురి పేరును, 'ట్రేడర్సు' అను మాటయు మాత్రమే గలవు; ఎఱువులని యెక్కడను లేదు. గూగుల్ వ్యాపారపు పట్టికలో వాడసలు చేరనేలేదు. చేరుటకు రుసుము లేదని చెప్పగా, "మాష్టారూ, ఊళ్లో నన్నెరుగనివాడెవడు?" అనెను. ఊరివారు సరే, ప్రక్కయూరివారి మాటయేమి? పైగా నోటితో అడుగువారు "ఇప్పుడు తెఱచియున్న కొట్టు ఏది?" అని పూర్తి వాక్యమున అడుగుదురు. వేళలు వ్రాయనివానికి ఆ ప్రశ్నలో చోటు లేదు.

మనుమడును నేనును కూర్చుండి వాని పేరు, సరకు, వేళలు, ఫోను నంబరు తెలుగున వ్రాయించితిమి. కొన్ని దినములకు మరల నడిగితిని. మా వీథి కొట్టు పేరే పలికినది; ఇప్పుడు మూసియున్నదనియు చెప్పినది. ఆ దినము ఆదివారము.