రాజోద్యానమున నీటి వంతు

పదునేడవ శతాబ్దమున ఐరోపా ఖండమునందలి ప్రభువులలో ఐశ్వర్యమునకును అధికారమునకును సాటిలేనివాడని పేరొందిన ఫ్రాన్సు రాజు పదునాల్గవ లూయీ, తన తండ్రి 1623లో వేటవిడిదిగా కట్టించుకొన్న వెర్సాయియందు మహోద్యానమొకటి వెలయింప సంకల్పించి, 1661 మొదలుకొని లె నోత్రు అను ఉద్యానశిల్పిచే తోటలు తీర్పించుచుండగా, ఆతని యాజ్ఞకు అన్నియు లోబడినవి గాని నీరు మాత్రము లోబడలేదు. అడవులను కొట్టించెను, గుట్టలను చదును చేయించెను, పెరిగిన వృక్షములను దూరప్రాంతములనుండి పెకలించి తెచ్చి నాటించెను. కాని జలయంత్రములనుండి ధార నిలువుగా ఎగయవలెనన్నచో కావలసిన పీడనము ఆ నేలయం దెచ్చటను లేదు.

కారణము ఆ ప్రదేశ స్వభావముననే యున్నది. వెర్సాయి మెట్టభూమి. సేను నది దానికి దూరముగా, నూరు మీటర్ల దిగువన ప్రవహించుచున్నది. చేరువనున్న క్లాన్యీ చెరువు సైతము తోటకంటె పల్లముననే కలదు. గొట్టములోని నీటికి బలము ఎత్తువలన గలుగును. పది మీటర్ల ఎత్తున నిలిపిన నీరు క్రిందిమట్టమున చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము వత్తిడిని మాత్రమే కలిగించును. కావున పల్లపు నీటిని గుఱ్ఱములు త్రిప్పు పంపులతోను, గాలిమరలతోను మీదికి తోడి, ఎత్తైన తొట్లలో నింపి, అచ్చటినుండి ధారలకు వదలవలసివచ్చెను. థెటిస్ గుహ యను విహారమందిరపు పైకప్పుమీద జలాశయమును కట్టుటయు ఇందులకే. ఇటలీనుండి వచ్చి స్థిరపడిన ఫ్రాన్సీను కుటుంబపు జలశిల్పుల నేర్పున 1666లో తొలిధారలు రాజుకన్నుల యెదుట ఎగసినవి.

ధారలు పెరిగినకొలది దాహమును పెరిగెను. దక్షిణ ఫ్రాన్సున రెండు సముద్రములను కలుపు కాలువను త్రవ్వించుచున్న రికే, 1674లో లువారు నదినే వెర్సాయికి మరల్చెదనని ముందునకు వచ్చెను. ఖగోళశాస్త్రజ్ఞుడగు పికారు మట్టములు కొలిచి, ఆ నది ఉద్యానముకంటె పల్లమున నున్నదని నిరూపించి, కోట్లు వ్యర్థము గాకుండ కాపాడెను. పిమ్మట సేను తీరమున మార్లీయొద్ద మహాయంత్రము లేచెను. లియేజి ప్రాంతపు వడ్రంగి రెన్నెకాన్ సువాలెము నిర్మించిన ఆ యంత్రమునకు 14 నీటిచక్రములు, రెండువందలకు మించిన పంపులు కలవు. నదినీటిని మూడు అంచెలుగా సుమారు 160 మీటర్ల ఎత్తున కెక్కించుటకు 1684లో అది ప్రారంభమయ్యెను. దాని రొద పరిసరముల నెల్ల మ్రోగించెను, మరమ్మతులకు అంతులేకపోయెను. అంతటితో తృప్తిచెందక, 1685లో యూరు నదిని తెచ్చుటకు సైనిక యింజనీరగు వోబాను ఆధ్వర్యమున వేలకొలది సైనికులను కాలువపనికి దింపగా, జ్వరములవలన ఎందరో మడిసిరి. 1688లో యుద్ధము రాగా పని నిలిచిపోయెను. మెంతెనోను కోటవనమున ఆ నీటివంతెన మొండిగోడలు నేటికిని నిలిచియున్నవి.

ఈ మహాప్రయత్నముల నడుమ, ఆడంబరము లేని విద్య యొకటి నెమ్మదిగా రూపొందెను. మారియొట్టు అను శాస్త్రజ్ఞుడు, ధార ఎంత యెత్తు ఎగయవలెనన్న జలాశయ మెంత యెత్తున నుండవలెనో కొలిచి లెక్క తేల్చెను. ఆతని మరణానంతరము 1686లో వెలువడిన గ్రంథము ననుసరించి, ఐదడుగుల ధారకు జలాశయము ఒక్క అంగుళము అధికముగా నున్న చాలును. పదియడుగుల ధారకు నాలుగంగుళములు కావలెను. నూరడుగుల ధారకో, ముప్పదిమూడడుగులకు మించి అధికముగా నుండవలెను. ఆకాంక్ష రెట్టింపైనప్పుడు నష్టము నాలుగు రెట్లగునని దీని తాత్పర్యము. ఇరుకుగొట్టమున వడిగా పాఱు నీరు గోడల రాపిడిచే తన బలమును కోల్పోవును. మర మూసియున్నప్పుడు కనబడు వత్తిడి, మర తెరచిన వెంటనే ప్రవాహము ననుసరించి తగ్గును. ఒకే గొట్టముపై పది ధారలను ఒక్కమారు తెరచినచో పదియు చతికిలబడును. అందుచేతనే వెర్సాయిలో వెడల్పైన పోతయినుప గొట్టములు భూగర్భమున పరచబడినవి. వానిలో ననేకము నేటికిని పనిచేయుచున్నవి.

అయినను రాజ్యసంపద యంతయు వెచ్చించియు అన్ని ధారలను ఒక్కసారి నిలుపుటకు చాలినంత నీరు లభింపలేదు. అప్పుడు ఉద్యానపు జలసేవకులు కనిపెట్టిన ఉపాయమే నా దృష్టిలో ఆ చరిత్రకెల్ల మకుటాయమానము. మందిరపు కిటికీలనుండి కానవచ్చు ధారలు తప్ప తక్కినవి మూసియుంచి, రాజు విహారమునకు వెడలినప్పుడు ఈలలతో ఒకరి నొకరు హెచ్చరించుకొనుచు, ఆయన చేరబోవు ధారను తెరచి, కనుమరుగైన ధారను మూసివేయుచుండిరి. 1689 మొదలుకొని లూయీయే స్వహస్తముతో, ఉద్యానమును ఏ క్రమమున దర్శింపవలెనో వివరించు మార్గదర్శిని వ్రాసెను. శత్రువులను లోబరచుకొన్న రాజు తాను నీటి వంతునకు లోబడి నడచెను.

మన చెరువుల క్రింది రైతునకు ఈ నీతి క్రొత్తది గాదు. ఎద్దడినాట తూము ఎత్తి, ఈ పూట ఈ మడికి, మరుపూట ఆ మడికి అని వంతులవారీగా నీరు వదలు నీరటికాడు తెలుగునాట తరతరములుగా చేసిన పని ఇదియే. అందరి పొలములకు ఒక్కమారు నీరు వదలినచో చివరి మడి ఎండునని ఆతనికి గణితగ్రంథము చెప్పనక్కరలేకపోయెను.

నేడు మేడమీది ట్యాంకునుండి ముంగిటి పచ్చికకు స్ప్రింక్లర్లు అమర్చ నెంచు గృహస్థునకు ఎదురగు చిక్కు ఆ రాజు చిక్కే. మూడంతస్తుల ఎత్తు ఇచ్చునది 1 కిలోగ్రాము వత్తిడి; వెదజల్లు యంత్రములకు సాధారణముగా దానికి రెట్టింపు కావలెను. పెద్ద మోటారు కొనుటకు ముందు ఆతడు చేయదగిన పనులు మూడు కలవు: కుళాయి తెరచి, బక్కెట్టు ఎంతసేపటికి నిండునో చూచి నీటి పరిమాణము నెఱుగుట, దూరమును బట్టి గొట్టమును వెడల్పు చేయుట, తోటను భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు వేఱువేఱు మరలు పెట్టి వంతుగా తడుపుట. మొక్కల పాదులకైనచో స్వల్పపీడనముననే బొట్టుబొట్టుగా నీరందించు డ్రిప్పు గొట్టములు మేలు.

మార్లీ యంత్రము 1817లో విప్పివేయబడెను. యూరు కాలువ పూర్తియే కాలేదు. వెర్సాయి జలసేవకుల విద్య మాత్రము నేటికిని జీవించియున్నది. ఎత్తైన జలాశయములనుండి దిగివచ్చు నీటికి వారిప్పటికిని చేతితో మరలు త్రిప్పి క్రమము ననుసరించి దారి యిచ్చుచున్నారు. బలముకొఱకు నదులను వెదకినవారి కట్టడములు కూలగా, ఉన్నదానిని కొలిచి పంచినవారి పద్ధతి మూడు శతాబ్దములకు మించి నిలిచినది. ముంగిట తోట వేయువాడు అనుసరింపవలసినది ఈ రెండవవారినే.