ప్రేమను ఔషధముగా వాడిన కథ

కొన్ని సంవత్సరముల క్రిందట మా కేంద్రమునుండి ఒక నాటిక ప్రసారమైనది. అందులో ఒక మనోవైద్యుని పాత్ర కలదు. కోడలు తనతో ఏకాంతమున చెప్పుకొన్న మాటలను ఆయన సదుద్దేశముతోనే అత్తగారికి తెలియజేయును. అత్తగారి మనసు కరగును, ఇల్లు చక్కబడును. నిర్వహణ నాది. వర్షము కురియుటకు జల్లెడలో బఠాణీలు దొర్లించితిమి. అది వర్షము కాదని ఏ శ్రోతయు మాకు వ్రాయలేదు. వారము తిరుగకముందే ఒక జాబు మాత్రము వచ్చినది. పేరు లేదు, ఊరు లేదు. అక్షరములనుబట్టి స్త్రీ వ్రాసినదని తోచెను. డాక్టరుగారు లోపల విన్నమాట ఇంటిలోనివారికి చెప్పివేయుదురా? మా చెల్లెలిని చూపించుదమనుకొన్నాము, ఇప్పుడు జంకుగా నున్నది. ఇదీ ఆ జాబులోని సారాంశము.

బఠాణీల వర్షమును నమ్మిన చెవియే ఆ డాక్టరును కూడ నమ్మినది. మేము కోరుకొన్నదీ అదే. అందులకే విచారింపవలసి వచ్చునని అప్పుడు తోచలేదు. కథలోని మనోవైద్యుడు తన వృత్తిధర్మమును అతిక్రమించినప్పుడు ఒకచోట మనము అట్టే నమ్మి కన్నీరు పెట్టుకొందుము. మరియొకచోట పెదవి విరుతుము. ఈ భేదమెక్కడిదని నాటినుండి నేను వెదకుచునే యున్నాను.

ధర్మము మాత్రము మిక్కిలి ప్రాచీనమైనది. చరకసంహిత విమానస్థానమున, విద్యార్థికి గురువు చేయు ఉపదేశములో, రోగి ఇంటి సంగతులను వెలుపల వెల్లడింపరాదను నియమము స్పష్టముగా నున్నది. హిపొక్రాటిసు పేర వెలసిన గ్రీకు ప్రతిజ్ఞలో ఇదియే కాక, వైద్యమునకై ప్రవేశించిన గృహములో స్త్రీలతోగాని పురుషులతోగాని శరీరసంబంధము కూడదను మాటయు కలదు. నాడి చూచి మందిచ్చు వైద్యునికే ఇంత కట్టడి యుండగా, మాటయే మందుగా గల వైద్యునికి ఇంకెంత యుండవలెను! 1915లో ఫ్రాయిడు ఈ విషయముపై ఒక వ్యాసము వ్రాసెను. చికిత్స పొందుచున్న స్త్రీ వైద్యునిపై ప్రేమ పెంచుకొనుట తరచు జరుగుననియు, అది వైద్యుని అందచందములవలన గాక చికిత్సా పరిస్థితివలననే పుట్టుననియు, దానిని వైద్యుడు తన విజయముగా భావింపరాదనియు ఆయన హెచ్చరించెను. అంతటితో ఆగలేదు. ప్రేమను తిరస్కరింపక, శరీరసంబంధమునకు పోక, కొంత అనురాగము నటించుచు రోగిని మెల్లగా దారికి తెచ్చిన నేమి? ఈ మధ్యేమార్గమును కూడ ఆయన త్రోసిపుచ్చెను. మనోవిశ్లేషణమునకు సత్యమే పునాది. రోగిని నిజము చెప్పుమని కోరు వైద్యుడు తాను నటించినచో ఆ పునాదియే కూలిపోవును. ఆయన పరివారములో అందరును ఈ నియమమును పాటించిరని చెప్పుటకు వీలులేదు. రోగితో సంగమము నీతిబాహ్యమని అమెరికా మనోవైద్య సంఘము తన నీతిసూత్రములలో స్పష్టముగా వ్రాసినది 1973లో మాత్రమే.

నటించిన అనురాగము అను ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత మనకు దానితోనే పని.

ఇక నమ్మకము సంగతి. ఆంగ్లకవి కోలరిడ్జి 1817లో తన సాహిత్య జీవితమును గూర్చి వ్రాసిన గ్రంథములో, పాఠకుడు తన అవిశ్వాసమును ఇష్టపూర్వకముగా కాసేపు ప్రక్కకు పెట్టుటయే కవితా విశ్వాసమని చెప్పెను. ఆ మాట నేడు అందరి నోటను నలిగిపోయినది. అంతకు ఎనిమిది వందల యేండ్లకు ముందే కాశ్మీరమున అభినవగుప్తుడు ఇదే చిక్కును ఎదుటినుండి చూచెను. రసానుభవమునకు విఘ్నములు ఏడని లెక్కించుచు, అందులో మొదటిదిగా సంభావ్యత లేకపోవుటను పేర్కొనెను. ఇది జరుగదు అని ప్రేక్షకునికి తోచిన క్షణముననే అతని మనసు నాటకమునుండి లేచిపోవును. దానికి ఆయన చెప్పిన విరుగుడులలో ఒకటి, ప్రఖ్యాతమైన కథలను గ్రహించుట. చిరకాలముగా విని నమ్మియున్న నడక కథకున్నచో కొత్త అద్భుతము కూడ దానివెంట నడిచిపోవును. కోలరిడ్జికంటె ఈ కాశ్మీర పండితుడే నాటక నిర్వాహకునికి ఎక్కువ అక్కరకు వచ్చువాడని నా అభిప్రాయము. నమ్ముటకు ప్రేక్షకుడు సిద్ధముగనే యుండును. అడ్డము తొలగించుట మన పని.

చలనచిత్రములు మనోవైద్యుని త్వరలోనే పట్టుకొన్నవి. 1925లో హాలీవుడ్ నిర్మాత గోల్డ్‌విన్ లక్ష డాలర్లు ఇవ్వజూపగా ఫ్రాయిడు నిరాకరించెను. మరుసటి సంవత్సరము జర్మనీలో పాబ్స్టు దర్శకత్వమున మనోవిశ్లేషణమే కథావస్తువుగా ఒక మూకీ చిత్రము వచ్చినది. ఫ్రాయిడు శిష్యులు కార్ల్ అబ్రహాం, హాన్స్ జాక్స్ సలహాదారులు. అందులోని వైద్యుడు బుద్ధిమంతుడు. కాని బుద్ధిమంతుని వెంట కథ ఎంతదూరము పోగలదు? 1945లో హిచ్‌కాక్ తీసిన స్పెల్‌బౌండ్ చిత్రమునకు జనము విరగబడిరి. అందు ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ ధరించిన వైద్యురాలు, హత్యానేరము మీదపడిన రోగిని ప్రేమించును, పోలీసులనుండి దాచును, అతనితో రైలెక్కి పోవును, అతని స్వప్నమును విప్పి చెప్పి నిర్దోషిగా నిరూపించి చివరకు పెండ్లాడును. నిర్మాత సెల్జ్నిక్ తనకు చికిత్స చేసిన మే రామ్ అను వైద్యురాలినే చిత్రమునకు మనోవైద్య సలహాదారుగా నియమించెను. ఆమె పేరు తెరపై పడినది. అయినను కథానాయిక ఇంచుమించు ప్రతి పది నిమిషములకు ఒక నియమమును దాటుచునే యుండును. డాలి గీసిన స్వప్నదృశ్యము కన్నులకట్టుగా నుండును. హంతకుడెవరో తేలువరకు మనమేమియు అడుగము. దీపములు వెలిగిన తరువాత మాత్రము, ఈమె వద్దకు మన ఇంటివారిని పంపుదుమా అని తోచకపోదు. వైద్యురాలు స్త్రీయైనచో రోగిని ప్రేమించి తీరవలెనను అలవాటు హాలీవుడ్‌లో ఎంత పాతుకొనినదో గాబర్డ్ సోదరులు 1987లో ప్రచురించిన తమ గ్రంథములో చూపినారు. పురుష వైద్యుని జ్ఞానము పురుషునిదే. స్త్రీ వైద్యురాలి జ్ఞానము మాత్రము మంగళసూత్రముతో ముగియవలెనేమో!

ఇప్పుడు కలకత్తాకు వత్తము. మనోవిశ్లేషణము ఆ నగరమునకు కొత్త కాదు. గిరీంద్రశేఖర బోసు అక్కడ 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఆ నగరపు రచయిత అశుతోష్ ముఖోపాధ్యాయ నర్సు మిత్ర అను కథ వ్రాసెను. దానిని 1959లో అసిత్ సేన్ సుచిత్రా సేన్ నాయికగా దీప్ జ్వేలే జాయ్ అను పేర వంగభాషలో చిత్రముగా తీసెను. మరుసటి ఏడే అది తెలుగున చివరకు మిగిలేది అను పేర వచ్చినది. దర్శకుడు గుత్తా రామినీడు; నర్సు సావిత్రి. వైద్యవిద్య చదివిన ప్రభాకరరెడ్డి వెండితెర కెక్కినది ఈ చిత్రముతోనే. మా రేడియోలో పనిచేసిన బుచ్చిబాబు గారి నవలకును దీనికిని పేరొక్కటే పోలిక, కథలు వేరు. తిరిగి అసిత్ సేనే 1969లో వహీదా రహమాన్‌తో హిందీలో ఖామోషీ తీసెను.

కథ తెలియనివారి కొరకు: ఒక మానసిక చికిత్సాలయము. ప్రేమలో మోసపోయి మతిచెడిన యువకునిపై ప్రధాన వైద్యుడు ఒక ప్రయోగము చేయదలచును. పోయిన ప్రేమను మరల రుచిచూపిన మనసు కుదుటపడునని ఆయన సిద్ధాంతము. ఆ ప్రేమను అందించు పని నర్సుది. ఆమె ప్రేయసివలె నటింపవలెను, తాను మాత్రము చలింపరాదు, రోగి కోలుకొనగానే తప్పుకొనవలెను. మొదటి రోగి కోలుకొని తన దారిని పోయి పెండ్లి చేసికొనును. అప్పటికే నర్సు హృదయము చలించినదని వైద్యునికి తెలియదు. రెండవ రోగి వచ్చును. ఆమె వలదని, పిదప ఒప్పుకొనును. ఇతడును కోలుకొనును. నర్సు మాత్రము మతి తప్పి రోగులుండు అదే గదిలోనికి చేరును.

ఫ్రాయిడు కాదన్న మధ్యేమార్గము, నటించిన అనురాగము, ఇక్కడ ఆసుపత్రి పథకమైనది. వైద్యశాస్త్రము తెలిసినవారు లేచి పోవలసిన ఘట్టమిది. ఎవరును లేవలేదు. ఎందులకు?

ఒక కారణము కాలమునకు సంబంధించినది. 1938లో రోము నగరమున మొదలైన విద్యుత్ చికిత్స అప్పటికి పిచ్చాసుపత్రులకు మారుపేరైపోయినది. 1952లో ఫ్రాన్సున క్లోర్‌ప్రోమజీన్ అను మందు మనోరోగములకు పనిచేయునని కనుగొనబడినను సామాన్యుని ఊహలోనికి అది ఇంకను చేరలేదు. అట్టి రోజులలో కరెంటు వలదు, కరుణ చాలునను వైద్యుడు ప్రేక్షకునికి దేవునివలె కనబడెను. నియమభంగము దయవలె వేషము వేసికొని వచ్చినది.

రెండవ కారణము ఇంకను లోతైనదని నాకు తోచును. ఆజ్ఞపై ప్రేమ నటించు స్త్రీ మనకు కొత్తది కాదు. బాలకాండలోని ఋష్యశృంగుని కథ తలచుకొనుడు. అంగదేశమున వానలు లేవు. స్త్రీ ముఖమెరుగని మునికుమారుని తెచ్చిన వానలు కురియునని రోమపాదునికి చెప్పిరి. వేశ్యలను పంపిరి. వారు ఆటపాటలతో, తినుబండారములతో అతనిని మురిపించి రాజధానికి తెచ్చిరి. వాన కురిసినది. ముని శాంతను పెండ్లాడెను. దశరథుని చేత పుత్రకామేష్టి కూడ చేయించెను. ఇంద్రుడు మేనకను పంపినదీ ఇట్టి పనికే. లోకహితమునకై ప్రేమను పనిముట్టుగా వాడు పెద్దలను మనము తరతరములుగా నమ్మియున్నాము. నర్సు కథ ఆ పాత బాటమీదనే నడిచినది. అభినవగుప్తుడు చెప్పిన విరుగుడు, రచయిత యెరిగి చేసినను ఎరుగక చేసినను, ఇక్కడ పనిచేసినది.

అయితే వాన కురిసిన పిమ్మట ఆ వేశ్యలేమైరి? బాలకాండ అక్కడితో వారిని విడిచిపెట్టును. సావిత్రి ముఖము విడువదు. నటించుమని పంపబడిన స్త్రీ నటింపలేకపోయినచో ఏమగునను ప్రశ్నను ఈ కథ ఎత్తుకొని, చివరివరకు దింపలేదు. స్పెల్‌బౌండ్‌లో అతిక్రమణమునకు బహుమతి పెండ్లి. ఇక్కడ అతిక్రమణమునకు వెల ఒక మనిషి మతి. నేను గమనించినంతవరకు, నియమము తప్పినందువలన ప్రేక్షకుని నమ్మకము చెడదు. తప్పిన దానికి ఎవరును ఏమియు చెల్లింపకుండ కథ దులుపుకొని పోయినప్పుడు చెడును. ఈ చిత్రములో వెల చెల్లినది, కాని చెల్లించినది ఆజ్ఞ ఇచ్చినవాడు కాదు. ఆయన పశ్చాత్తాపముతో సరిపెట్టుకొనును. గదిలో తలుపు మూసికొన్నది ఆమె. దీనిని కథలోని లోపమనుటకు నాకు మనసొప్పదు. ఆసుపత్రులలోను, కచేరీలలోను, ఇండ్లలోను లెక్కలు ఇట్లే తేలుటను ఎవరెరుగరు?

నియమమును దాటినప్పుడే కథ రక్తికట్టుననుకొనువారికి మరియొక వైద్యురాలిని చూపవచ్చును. అమెరికా టెలివిజనులో 1999 మొదలు 2007 వరకు వచ్చిన ది సొప్రానోస్ కథామాలికలో డాక్టరు మెల్ఫీ ఒక నేరముఠా నాయకునికి చికిత్స చేయును. 2001లో ప్రసారమైన ఒక భాగమున ఆమెకే ఘోరమైన అపచారము జరుగును; నేరస్థుడు న్యాయస్థానము చేతికి చిక్కక తప్పించుకొనును. తన రోగితో ఒక్కమాట చెప్పిన చాలు, ఆ దుర్మార్గుడు మిగులడు. రోగి ఎదుట కూర్చుండి, ఏమి జరిగినదని అడుగును. ఆమె ఏమియు లేదనును. అంతకంటె ఉత్కంఠ గల దృశ్యము హత్యలతో నిండిన ఆ కథలో అరుదు.

నా నాటికలో ఇవేవియు లేవు. డాక్టరు రహస్యము చెప్పినాడు, అత్తగారు కరగినది, వీణ వినిపించి ముగించితిమి. చెప్పినందుకు కోడలు ఏమి పోగొట్టుకొన్నదో మేము ఆలోచింపనే లేదు. పేరులేని ఆ శ్రోత ఆలోచించినది.

జాబునకు చిరునామా లేనందున ఉత్తరముల కార్యక్రమములోనే సమాధానము చదివితిమి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 23వ విభాగము రోగి సంగతులు గోప్యముగా నుండు హక్కును ఇచ్చినదనియు, ప్రాణాపాయమువంటి కొన్ని సందర్భములలో తప్ప వైద్యుడు వాటిని పైకి చెప్పరాదనియు, మా నాటికలోని డాక్టరు చేసినది తప్పనియు చెప్పితిమి. చరకుని మాటను కూడ చేర్చితిమి. మైకు ముందు ఆ చివరి వాక్యము చదువునప్పుడు నా గొంతు కొంచెము తడబడినదని ఇంజనీరు మిత్రుడు తరువాత చెప్పెను. ఆ చేతివ్రాతతో మాకు మరల జాబు రాలేదు.