అనాథ కృతుల బిల్లులు (అమెరికా)

అనాథ కృతి అనగా కాపీహక్కు గడువు ఇంకా తీరకపోయినా, ఆ హక్కు ఎవరిదో తెలియని, లేదా తెలిసినా ఆ మనిషి ఆచూకీ దొరకని రచన, చిత్రం, ఛాయాచిత్రం, సంగీతం మొదలైనది. ఇటువంటి కృతులను వాడుకునేవారికి చట్టరీత్యా కొంత రక్షణ కల్పించాలని అమెరికా సంయుక్త రాష్ట్రాల కాంగ్రెసులో 2006లోను, 2008లోను బిల్లులు ప్రవేశపెట్టారు. అవి చట్టాలు కాలేదు. గ్రంథాలయాలు, మ్యూజియములు, డాక్యుమెంటరీ చిత్ర నిర్మాతలు ఈ ప్రయత్నాన్ని ఆహ్వానించగా, బొమ్మలు గీసి జీవనం సాగించే చిత్రకారులు, ఛాయాగ్రాహకులలో చాలామంది తీవ్రంగా ప్రతిఘటించారు.

నేపథ్యం

1909 నాటి అమెరికా చట్టం ప్రకారం ప్రచురితమైన కృతికి మొదట 28 సంవత్సరాల రక్షణ ఉండేది. దరఖాస్తు పెట్టి పునరుద్ధరించుకుంటే మరో 28 సంవత్సరాలు లభించేది. కృతిపై కాపీహక్కు ప్రకటన ముద్రించడం తప్పనిసరి. పునరుద్ధరించుకోని కృతి ప్రజల సొత్తయ్యేది. అందువలన రక్షణలో ఉన్న కృతికి యజమాని ఎవరన్నది కాపీహక్కుల కార్యాలయపు దస్త్రాలు తిరగవేస్తే చాలావరకు తెలిసేది.

1978 జనవరి 1న అమలులోకి వచ్చిన చట్టం ఈ పద్ధతిని మార్చివేసింది. కాగితంపై గీత పడిన క్షణం నుండే హక్కు పుడుతుంది, నమోదుతో పని లేదు. గడువు కర్త జీవితకాలం, ఆపైన 50 సంవత్సరాలు. 1998లో దీనిని 70 సంవత్సరాలకు పెంచారు. అమెరికా బెర్న్ ఒప్పందంలో చేరడంతో 1989 మార్చి 1 నుండి కాపీహక్కు ప్రకటన ముద్రించే అవసరమూ తొలగింది. ఇవన్నీ కర్తలకు మేలు చేసిన మార్పులే. అయితే హక్కు మిగిలి, హక్కుదారు ఎవరో చెప్పే చిట్టా మాత్రం లేకుండా పోయింది. పాత పెళ్ళి ఫోటోకు మరో ప్రతి తీయించుకోవాలని వెళ్ళినవారిని, తీసిన స్టూడియో అనుమతి తెమ్మని దుకాణదారు తిప్పి పంపడం, ఆ స్టూడియో ఎప్పుడో మూతపడి ఉండడం వంటివి తరచు ఉదహరించబడిన ఇబ్బందులు.

బిల్లులు

2005 జనవరిలో కాపీహక్కుల కార్యాలయం ఈ సమస్యపై ప్రజాభిప్రాయాన్ని కోరింది. వచ్చిన అభిప్రాయాలను పరిశీలించి 2006 జనవరిలో నివేదిక సమర్పించింది. దాని ఆధారంగా టెక్సాస్ ప్రతినిధి లామర్ స్మిత్ 2006 మే నెలలో ప్రతినిధుల సభలో బిల్లు ప్రవేశపెట్టారు. అది ముందుకు సాగలేదు. 2008 ఏప్రిల్ 24న రెండు సభలలోనూ కొత్త బిల్లులు వచ్చాయి. ప్రతినిధుల సభలో హోవర్డ్ బెర్మన్, సెనేట్‌లో పాట్రిక్ లేహీ, ఓరిన్ హాచ్ వాటిని ప్రతిపాదించారు.

వీటి సారాంశం ఇది. ఒక కృతిని వాడదలచినవారు ముందుగా హక్కుదారు కొరకు చిత్తశుద్ధితో, తగిన శ్రద్ధతో వెదకాలి. దొరకకపోతే వాడుకోవచ్చు. కర్త పేరు తెలిసినట్లయితే ఆ పేరు పేర్కొనాలి. తరువాత హక్కుదారు బయటపడితే 'సముచిత పరిహారం' చెల్లించాలి, అనగా వాడుకకు ముందే ఇద్దరూ కూర్చుని బేరం కుదుర్చుకుని ఉంటే పలికే ధర. లాభాపేక్ష లేని విద్యాసంస్థలు, గ్రంథాలయాలు వంటివి నోటీసు అందగానే వాడకం ఆపివేస్తే ఆ పరిహారం కూడా ఇవ్వనక్కరలేదు. కృతికి తన సొంత సృజన గణనీయంగా జోడించి కొత్త కృతి చేసినవారిని న్యాయస్థానం ఆపివేయడానికి వీలు లేదు.

చిత్రకారుల అభ్యంతరాలు

ఈ బిల్లులు కాపీహక్కును రద్దు చేయలేదు. ఇకపై ప్రతి బొమ్మనూ నమోదు చేయించకపోతే హక్కు పోతుందని 2008లో ఈ-మెయిళ్ళలో విస్తృతంగా ప్రచారమైన మాట యథాతథంగా నిజం కాదు. కాని చిత్రకారుల భయానికి ఆధారం లేదనడం కూడా సరి కాదు.

పుస్తకానికి ముఖపత్రం ఉంటుంది, దానిపై రచయిత పేరు, ప్రచురణకర్త చిరునామా ఉంటాయి. బొమ్మకు ఉన్నదల్లా మూలన చిన్న సంతకం. పత్రికలో అచ్చు వేసేటప్పుడో, ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడో ఎవరో అంచులు కత్తిరిస్తే అది కాస్తా పోతుంది. డిజిటల్ ఛాయాచిత్రంలో దాగి ఉండే వివరాలు కూడా ఒక చోటి నుండి మరొక చోటికి ఎక్కించేటప్పుడు తరచు చెరిగిపోతాయి. ఈ విధంగా కర్త బ్రతికి ఉండి, పని చేస్తూ ఉండగానే, ఇతరుల చేతలవలన అతని బొమ్మ అనాథ అవుతుంది. బొమ్మను చూపించి కర్తను వెదికే సాధనాలు 2008 నాటికి అప్పుడే మొలకెత్తుతున్నాయి. టిన్ ఐ అనే శోధన యంత్రం వచ్చింది ఆ సంవత్సరంలోనే.

రెండవ అభ్యంతరం నష్టపరిహారానికి సంబంధించినది. అమెరికాలో ముందుగా నమోదైన కృతిని అక్రమంగా వాడినవారికి ఒక్కొక్క కృతికి 750 నుండి 30,000 డాలర్ల వరకు, ఉద్దేశపూర్వకమైతే 1,50,000 డాలర్ల వరకు పరిహారం విధించవచ్చు. న్యాయవాది ఖర్చులు కూడా రాబట్టవచ్చు. బిల్లులలోని షరతులు పాటించినవారికి ఈ రెండూ వర్తించవు. చాలామంది చిత్రకారులు తమ బొమ్మలను ఎలాగూ నమోదు చేయించరు కదా, వారికి పోయేదేమున్నదని బిల్లుల సమర్థకులు వాదించారు. ఈ వాదనలో ఒక లోపం ఉన్నది. 'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న బోర్డు గల ప్రతి ఇంటిలోనూ కుక్క ఉండదు. ఏ ఇంట్లో ఉన్నదో తెలియదు కనుకనే దొంగ జంకుతాడు. ఏ బొమ్మ నమోదైనదో తెలియని అనిశ్చితి నమోదు కాని బొమ్మలను కూడా కాపాడుతుంది. ఆ భయం తీసివేశాక, కొన్ని వందల డాలర్ల 'సముచిత పరిహారం' కొరకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చుపెట్టి దావా వేసేవారు ఉండరు.

మూడవది, వృత్తి కళాకారుడు అమ్ముకునేది తరచు బొమ్మను కాదు, దానిపై ఏకైక హక్కును. ఒక మందుల కంపెనీకి ఇచ్చిన బొమ్మ మరెక్కడో 'అనాథ'గా అచ్చయితే ఏకైక హక్కుకు అర్థమే పోతుంది. తరువాత ఎంత చెల్లించినా ఆ నష్టం పూడదు. చిత్రకారుడు బ్రాడ్ హాలండ్ ముఖ్యపాత్ర వహించిన అమెరికా ఇలస్ట్రేటర్ల భాగస్వామ్య సంస్థ ఈ వాదనలను బలంగా వినిపించింది.

బిల్లులు విదేశీ కృతులకు మినహాయింపు ఇవ్వలేదు. కనుక తెలుగు చిత్రకారులకు కూడా ఇది పూర్తిగా పరాయి విషయం కాదు. బాపు బొమ్మ క్రింది తెలుగు సంతకాన్ని మనవాళ్ళలో పిల్లలు కూడా గుర్తుపడతారు. మన లిపి తెలియని ప్రచురణకర్తకు అది బొమ్మలోని మరో గీతగా కనిపించవచ్చు. 'శ్రద్ధగా వెదికాను, దొరకలేదు' అని అతడు నిజాయితీగానే చెప్పగలడు.

న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెస్సిగ్ కాపీహక్కును సడలించాలని కోరేవారిలో ప్రముఖుడు. అయినా 2008 మే నెలలో న్యూయార్క్ టైమ్స్‌లో వ్రాసిన వ్యాసంలో ఆయన ఈ బిల్లులను తప్పుపట్టారు. 'శ్రద్ధగా వెదకడం' అంటే ఏమిటో తేల్చని చట్టం వల్ల లాభపడేది న్యాయవాదులేనన్నది ఆయన అభిప్రాయం. మొదటి 14 సంవత్సరాలు ఏ నమోదూ లేకుండా పూర్తి రక్షణ ఇచ్చి, ఆ తరువాత నమోదు కోరడం మేలని సూచించారు.

పర్యవసానం

2008 సెప్టెంబరు 26న సెనేట్ తన బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆర్థిక సంక్షోభపు చర్చలలో మునిగి ఉన్న ప్రతినిధుల సభ దానిని చేపట్టకపోవడంతో బిల్లు మురిగిపోయింది.

వెదుకులాట ఎంత నమ్మదగినదన్న ప్రశ్నకు 2011లో ఒక సమాధానం లభించింది. మిచిగన్ విశ్వవిద్యాలయం హాతీట్రస్ట్ అనే డిజిటల్ గ్రంథాలయం ద్వారా అనాథ గ్రంథాలను తన విద్యార్థులకు అందుబాటులో ఉంచదలచి ఒక జాబితా ప్రకటించింది (ఆ పేరులోని 'హాతీ' హిందీ ఏనుగే). ఆ జాబితాలో జె. ఆర్. సాలమాంకా నవల 'ది లాస్ట్ కంట్రీ' ఉన్నది. ఆ నవల ఆధారంగా 1961లో ఎల్విస్ ప్రెస్లీ కథానాయకుడుగా సినిమా కూడా వచ్చింది. రచయిత జీవించే ఉన్నాడని రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ కొద్ది కాలంలోనే కనుగొన్నది. విశ్వవిద్యాలయం ఆ పథకాన్ని నిలిపివేసింది. రచయిత పేరు అచ్చయిన పుస్తకం విషయంలో, అదీ ఒక పెద్ద గ్రంథాలయం చేతిలో జరిగిన పొరపాటు ఇది.

కాపీహక్కుల కార్యాలయం 2015లో మరొక నివేదిక ఇచ్చింది కాని, దాని సిఫార్సులు చట్టరూపం దాల్చలేదు. చిన్న మొత్తాలకు దావా వేయలేని కళాకారుల మొర మాత్రం కొంతవరకు ఫలించింది. 2020 నాటి చట్టం ద్వారా ఏర్పడిన కాపీహక్కు క్లెయిముల బోర్డు 2022 జూన్ నుండి 30,000 డాలర్ల లోపు వివాదాలను విచారిస్తున్నది.

ఇతర దేశాలలో

ఐరోపా సమాఖ్య 2012లో అనాథ కృతులపై ఆదేశం జారీ చేసింది. విడి ఛాయాచిత్రాలను, బొమ్మలను దాని పరిధిలో చేర్చలేదు. బ్రిటన్‌లో 2014 అక్టోబరు నుండి ప్రభుత్వ కార్యాలయమే లైసెన్సు ఇస్తున్నది. కెనడాలో ఇటువంటి పద్ధతి అంతకు చాలా ముందు నుండే ఉన్నది.

భారత కాపీహక్కు చట్టంలోని 31ఎ సెక్షను 1983 సవరణతో చేరింది. మొదట అది అముద్రిత భారతీయ కృతులకే పరిమితం. 2012 సవరణ దానిని ప్రచురిత కృతులకు కూడా విస్తరించింది. దరఖాస్తుదారు తన ప్రతిపాదనను ముందుగా ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటించాలి. తెలుగులోకి అనువదించదలచితే తెలుగు దినపత్రికలో కూడా ప్రకటించాలి. వెదుకులాట సరిపోయిందో లేదో వాడుకునేవాడు కాక అధికార సంస్థ తేలుస్తుంది, రాయల్టీ ముందే జమ కావాలి. ఈ దరఖాస్తులను మొదట కాపీహక్కుల బోర్డు, తరువాత మేధాసంపత్తి అప్పిలేట్ బోర్డు విచారించేవి. రెండవదానిని 2021లో రద్దు చేయడంతో ఆ పని న్యాయస్థానాల పరిధిలోకి వచ్చింది.