సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ కొంటున్నారా? మీటర్ రీడింగ్ ఒక్కటే నమ్మొద్దు.. ఇవి చెక్ చేయండి!

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ చూడ్డానికి వెళ్తే ముందుగా వినిపించే మాట ఒకటే.. "బండి చాలా తక్కువ తిరిగింది సార్". మీటర్‌లో చిన్న నంబర్ కనిపించగానే చాలామంది టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కానీ లక్షలు పోసి కొనే ఈ కార్ల విషయంలో ఆ నంబర్ సగం కథే చెబుతుంది.

తక్కువ రీడింగ్‌ను ఎందుకు నమ్మేస్తారు?

మామూలు కారు ఎనిమిదేళ్లలో 12,000 కిలోమీటర్లే తిరిగిందంటే ఎవరికైనా డౌట్ వస్తుంది. స్పోర్ట్స్ కారుకు అలా కాదు. వీకెండ్‌లో మాత్రమే బయటకు తీసే బండి కాబట్టి అది నిజమే కావచ్చు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పొడవు 158 కిలోమీటర్లు. నెలకోసారి మొత్తం చుట్టొచ్చినా ఏడాదికి 1,900 కిలోమీటర్లు దాటదు. మీటర్ వెనక్కి తిప్పేవాళ్లకు కలిసొచ్చేది ఇదే. డిజిటల్ మీటర్ కదా, మార్చలేరు అనుకోవద్దు. సాఫ్ట్‌వేర్ టూల్స్‌తో దాన్నీ మార్చేస్తున్నారు.

మీటర్ తిప్పారా? ఇలా పట్టుకోవచ్చు

* సర్వీస్ హిస్టరీ: అమ్మేవాళ్లు చూపించే బుక్‌తో సరిపెట్టుకోవద్దు. ఛాసిస్ నంబర్‌తో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో రికార్డ్ అడగాలి. ప్రతి విజిట్‌లో నమోదైన కిలోమీటర్లు పెరుగుతూ వస్తున్నాయో లేదో చూడాలి. మధ్యలో తగ్గితే డీల్ అక్కడితో వదిలేయడమే మంచిది.

* టైర్లు: టైర్ పక్కన ఉండే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. 2018 కారు 9,000 కిలోమీటర్లే తిరిగిందంటున్నా టైర్లు 2021వి అయితే, ఎందుకు మార్చారో బిల్లుతో సహా అడగాలి.

* అరుగుదల: స్టీరింగ్ నున్నగా మెరుస్తున్నా, పెడల్ రబ్బర్లు అరిగినా, డ్రైవర్ సీటు పక్క కుషన్ నలిగినా, బ్రేక్ డిస్క్ అంచున గట్టు కట్టినా.. బండి బాగానే తిరిగిందని అర్థం.

* ఇంజిన్ గంటలు: పోర్షే 911 లాంటి కార్ల కంప్యూటర్‌లో ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా ఉంటుంది. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. 20,000 కిలోమీటర్లకు 800 గంటలైతే 25 కిలోమీటర్ల వేగం, ఇది నమ్మొచ్చు. అదే 1,600 గంటలైతే 12.5 మాత్రమే. స్పోర్ట్స్ కారు సగటున అంత నెమ్మదిగా నడిచిందంటే కచ్చితంగా అనుమానించాల్సిందే.

ఎలా నడిపారన్నదీ ముఖ్యమే

రీడింగ్ నిజమే అయినా పని అయిపోలేదు. రేస్ ట్రాక్‌పై తిరిగిన 5,000 కిలోమీటర్లు, హైవేపై సాఫీగా తిరిగిన 25,000 కిలోమీటర్లు ఒకటి కాదు. 911లో ఇంజిన్ ఆర్‌పీఎం లిమిట్ ఎన్నిసార్లు దాటిందో కూడా రికార్డ్ అవుతుంది. మాన్యువల్ గేర్ కారైతే ఈ రిపోర్ట్ తప్పకుండా తీయించాలి. తప్పు గేర్ పడి ఇంజిన్ లిమిట్ దాటితే లోపల డ్యామేజ్ అయ్యే ప్రమాదం ఉంది.

మూలన పడి ఉన్న బండితోనూ ఖర్చే

అసలు తిప్పని కారు కొత్త కారుతో సమానం కాదు. టైర్ రబ్బర్ గట్టిపడుతుంది, ఆయిల్ సీల్స్ ఎండిపోతాయి, బ్యాటరీ పోతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది. అందుకే సర్వీస్ షెడ్యూల్‌లో కిలోమీటర్లు, నెలలు రెండూ ఇస్తారు, ఏది ముందొస్తే అది. మనదేశానికి ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది 2016లో. ఆ ఏడాది బండి ఎంత తక్కువ తిరిగినా, ఆయిల్ ఏటా మార్చిన బిల్లులు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగాలి.

డబ్బులు ఇచ్చే ముందు..

సేల్ అగ్రిమెంట్‌లో ఆ రోజు మీటర్ రీడింగ్ రాయించి, అది అసలైనదేనని అమ్మేవాళ్లతో సంతకం తీసుకోవాలి. మీటర్ తిప్పి అమ్మితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద చీటింగ్ ఫిర్యాదు చేయొచ్చు. డీలర్ దగ్గర కొన్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు. ఒకే మోడల్‌లో రెండు కార్లు దొరికితే, రికార్డ్ లేని 10,000 కిలోమీటర్ల బండి కంటే ప్రతి బిల్లూ ఉన్న 35,000 కిలోమీటర్ల బండే బెటర్.