పావులూరి మల్లన చదరంగపు సంఖ్య: ఒక పాఠపరిష్కరణ సాధనం

నాగర్‌కర్నూలు జిల్లా సోమశిల పేరులోని సోముడు భూతసంఖ్యా పరిభాషలో 1. శాసనాల్లో శకసంవత్సరాన్ని పదాలతో చెప్పే ఈ పద్ధతిని తెలుగు గణితంలో ఎంత పెద్ద సంఖ్యకు వాడారో చూడాలంటే పావులూరి మల్లన దగ్గరికి వెళ్లాలి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని ఆయన సారసంగ్రహగణితంగా తెనిగించాడు. మల్లనలు ఒకరా ఇద్దరా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఆయనను 11వ శతాబ్దివాడిగా భావించడం వాడుక.

చదరంగపు 64 గళ్లలో మొదటిదానిలో ఒకటి, ఆపై ప్రతి గడిలో రెట్టింపు చొప్పున గింజలు పోస్తే మొత్తం 18446744073709551615. మల్లన ఈ 20 అంకెలను ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములనుకుంటే ఇది సుమారు 46,000 కోట్ల టన్నులు. సోమశిల ముందున్న శ్రీశైలం జలాశయాన్ని, దాని తొలి సామర్థ్యమైన 308 టీఎంసీల లెక్కన, అరవై సార్లకు పైగా నింపే రాశి. ఇదే లెక్కను అల్‌బిరూనీ కూడా వేశాడు.

అయితే మన అవసరం రాశితో కాదు, పాఠంతో. ఛందస్సు గురులఘువులనే కాపాడుతుంది. లేఖకుడు 'వేద'కు బదులు 'బాణ' అని రాస్తే గణం చెడదు, 4 మాత్రం 5 అవుతుంది. అర్థనిర్ణయంలోనూ చిక్కులున్నాయి. సముద్రాలు ఏడని పురాణజ్ఞానం. మల్లన వాడుకలో సముద్రం 4. రంధ్రాన్ని సున్నగా తీసుకోవడం సహజం. ఇక్కడ అది శరీరపు నవరంధ్రాలు, అంటే 9.

తప్పులు పట్టడానికి పాతకాలపు ఉపాయం తొమ్మిదుల పరీక్ష. సరైన అంకెల మొత్తం 87, తొమ్మిదితో భాగిస్తే శేషం 6. సముద్రాన్ని రెండుచోట్లా 7 అనుకుంటే మొత్తం 93, శేషం 3, తప్పు దొరికిపోతుంది. రంధ్రాన్ని సున్న చేస్తే మొత్తం 78, శేషం మళ్లీ 6! మనకు అసలు సందేహమున్న చోటే ఈ పరీక్ష మౌనం వహిస్తుంది.

ఇక్కడ సంఖ్య నిర్మాణమే తోడ్పడుతుంది. రెండు 64వ ఘాతంలో ఒకటి తక్కువ కాబట్టి ఇది 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధం. చివరిదాన్ని ఫెర్మా ప్రధానసంఖ్య అనుకున్నాడు; 641 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. మనకు 17 చాలు. ఒక అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా 17తో భాగిస్తే శేషం మిగిలి తీరుతుంది. రంధ్రాన్ని సున్నగా చదివితే మిగిలే శేషం 4.

మొత్తం సంఖ్యను యంత్రంపై వేసి పోల్చవచ్చు కదా అనవచ్చు. ఎక్సెల్ 15 సార్థక అంకెలనే నిలుపుతుంది. దానిలో ఈ సంఖ్యకూ దీనికి ఒకటి కలిపిన సంఖ్యకూ తేడా కనిపించదు. కాగితంపై భాగహారమే నయం. పద్యాన్ని చివర నుంచి మొదటికి అంకెలుగా పరచి, ఎడమ నుంచి 17తో భాగించుకుంటూ పోతే ఇరవై అడుగులకు లోపే పని ముగుస్తుంది.